పూలమ్మ దించిన షట్టర్

తెల్లవారకముందే పూరీ పిండి తడిపి, ఆలుగడ్డ కూర దించి, చాయ్ నీళ్లు పొయ్యి మీద పెట్టాలి. మొదటి షిఫ్టు వాళ్లు గని గేటు చేరేలోపు నలుగురికైనా వేడివేడిగా పెట్టాలి. పూలమ్మ అనుకున్నది ఇంతే. గోదావరిఖనిలో గని గేటుకు పోయే దారిలో, కరీం సైకిల్ షాపు పక్కన, పాత షట్టర్ ఉన్న గది ఒకటి కిరాయికి దొరికింది. ఇవాళే మొదలు. హోటల్‌కు పేరు మాత్రం ఇంకా పెట్టలేదు. పెడితే దిష్టి తగులుతుందని ఒక భయం, పెట్టకపోతే ఎవరూ రారని ఇంకో భయం. ఆ రెండు భయాల మధ్య బోర్డు ఖాళీగా వేలాడుతోంది.

పూలమ్మ దగ్గర భయాలకు ఎప్పుడూ కొదవ లేదు. నూనె మరిగితే మంట లేస్తుందని, మంట లేస్తే కరీం షాపులో టైర్లు అంటుకుంటాయని, టైర్లు అంటుకుంటే బజారంతా బూడిదవుతుందని ముందురోజే ఆలోచించి పెట్టుకుంది. అందుకని పొయ్యి పక్కన బిందెల నిండా నీళ్లు, ఒక గోనెసంచి ఇసుక తెచ్చిపెట్టింది. ఇసుక పిండిలో పడుతుందేమోనని పిండి మీద మూత, మూత జారుతుందేమోనని దాని మీద రాయి.

ఇంత భయపడే మనిషికి హోటల్ ఎందుకంటే, అన్నిటికన్నా పెద్ద భయం వేరే ఉంది. భర్త ఆగయ్య గనిలో బొగ్గు పని చేస్తాడు. వేళ కాని వేళ సైరన్ మోగిందంటే లోపల ఏదో జరిగిందని అర్థం. అలా మోగిన ప్రతిసారీ చేతిలోని గిన్నె అక్కడే పడేసి గేటు వైపు పరుగెత్తే ఆడవాళ్లలో పూలమ్మ అందరికన్నా ముందుంటుంది. పిల్లలకు అన్నం పెట్టే పని ఒక్కటైనా భూమి పైన ఉండాలని ఆమె పట్టుబట్టింది.

"కంపెనీ నౌకరి ఉండంగ పూరీలమ్ముకునుడేందే?" అన్నాడు ఆగయ్య.

"నౌకరి నీది. పూరీలు నాయి."

"సరే, ఒక్క దినం చూస్త. ఇయ్యాల చేసింది ఇయ్యాల ఒడవాలె. గిన్నెల ఇంత మిగిలినా రేపు తాళంచెవి ఓనర్‌కిచ్చి ఇంట్ల కూసోవాలె."

"ఒడుస్తది."

"ఒడవకుంటే?"

"ఒడగొడ్త," అని పూలమ్మ చీకట్లోనే గిన్నెలు ఎత్తుకుని బయలుదేరింది.

ఇక మిగిలింది బోణీ. మొదటి బేరం ఎలాంటి చేతి మీదుగా జరిగితే దుకాణం అలా నడుస్తుందని ఆ బజారులో అందరికీ గట్టి నమ్మకం. మంచి చేతికి పేరు పడ్డవాడు పోశం. రాత్రి షిఫ్టులో పనిచేసే పెద్దమనిషి. ఆయన బోణీ చేసిన కిరాణా కొట్టు ఇప్పుడు రెండు గదులైంది. "షిఫ్టు దిగంగనే నీ కాడికే వస్త బిడ్డా," అని మాటిచ్చాడు. ఆయన వచ్చేదాకా దేవుడొచ్చి అడిగినా పూరీ ఇవ్వకూడదని పూలమ్మ నిశ్చయించుకుంది.

పోశం కంటే ముందు వీధి చివర లింగమూర్తి కనబడ్డాడు. ఆయన కార్మిక నాయకుడు. మనిషి మంచివాడే, చెయ్యే మంచిది కాదు. ఆయన మొదట సోడా తాగిన బండి నెల తిరక్కుండా మూలపడింది. మొదట చొక్కా కుట్టించుకున్న దర్జీ ఊరే వదిలిపెట్టాడు. పైగా తాగినా తిన్నా "రాసుకో" అని లేచిపోతాడు. మెడలో కండువా, వెనక ఇద్దరు అనుచరులు, నేరుగా పొగ వస్తున్న పొయ్యి వైపే నడిచి వస్తున్నాడు. కాదంటే నాయకుడితో పగ, అవునంటే హోటల్‌కు గండం. పూలమ్మ ఇక ఆలోచించలేదు. లోపలి నుంచి షట్టర్ పట్టుకుని ధడేల్‌మని కిందికి లాగేసింది. ఆయన దాటిపోయాక ఎత్తుదామనుకుంది. షట్టర్ మాత్రం అలా అనుకోలేదు. ఒక పక్క వంకర తిరిగి ఇరుక్కుపోయింది.

పక్కన కరీం, రాజం అనే కార్మికుడి సైకిల్‌కు పంక్చర్ వేస్తున్నాడు. ఆ చప్పుడుకు తలెత్తి చూశాడు. అటు లీడరు వస్తున్నాడు, ఇటు షట్టర్ పడింది. ఆ ఊళ్లో దీనికి ఇంకో అర్థం లేదు. సమ్మె అంటే ముందు బజారు మూతపడుతుంది, తర్వాతే గని ఆగుతుంది. ఆలస్యంగా మూసిన దుకాణం మీద రాయి పడుతుంది. అందుకే అక్కడి దుకాణదారులు ముందు మూస్తారు, ఎందుకు మూశారో సాయంత్రం తెలుసుకుంటారు.

"రాజమన్నా, ఈ ట్యూబ్ పట్టుకో," అన్నాడు కరీం.

"పంక్చరో?"

"రేపు."

"నాకు డ్యూటీ ఉంది కరీం భాయ్."

"ఇయ్యాల ఎవ్వలికి డ్యూటీ లేదు. లీడరొస్తుండు, షట్టర్ పడ్డది, కండ్లు కనవడ్తలెవ్వా? జల్ది నడువు."

కరీం తలుపులు వేయడం చూసి ఎదుట పిండి గిర్ని నడిపే కుబ్రా బేగం మోటారు ఆపేసింది. సారక్క తెచ్చిన గోధుమలు లోపల సగం పిండిగా, సగం గింజలుగా ఆగిపోయాయి. "నా గోధుమలియ్యి," అంది సారక్క. "ఏవి ఇయ్యాలె? నున్నగయినయా, కానియా?" అంటూనే బేగం తాళం వేసింది. గిర్నిని చూసి కిరాణం, కిరాణాన్ని చూసి పాన్ డబ్బా మూతపడ్డాయి. లింగమూర్తి బజారు మధ్యకు వచ్చేసరికి చాయ్ చుక్క దొరికే చోటు లేదు.

ఆయన వచ్చింది చాయ్ కోసమే. మూసిన తలుపులన్నీ చూసి గుండె జారింది. తనకు చెప్పకుండా అవతలి యూనియన్ వాళ్లు సమ్మె పెట్టారన్నమాట.

"అన్నా, సమ్మెనా?" అన్నాడు అనుచరుడు.

తెలియదంటే నాయకుడెలా అవుతాడు? లింగమూర్తి కండువా సర్దుకున్నాడు. "సమ్మెనే. నిన్ననే అనుకున్న," అన్నాడు. కరీం షాపు ముందున్న చెక్కపెట్టె ఎక్కి, సైకిళ్ల మీద వస్తున్నవాళ్లను ఆపాడు. "మన డిమాండ్లు ఒప్పుకునేదాక లోపలికి ఎవ్వలు దిగొద్దు."

"ఏ డిమాండ్లన్నా?"

"అన్ని డిమాండ్లు."

జనం పోగయ్యారు. ఆ జనంలోకి ఆగయ్య కూడా సైకిల్ మీద వచ్చాడు. సమ్మె అని విన్నాడు. భార్య హోటల్ షట్టర్ దించి ఉండటమూ చూశాడు. 'మంచిగైంది, ఒక్క పూరీ గూడ పోయినట్టు లేదు' అనుకుని సైకిల్ తిప్పి, ఇంటికి పోయి దుప్పటి కప్పుకున్నాడు.

లోపల పూలమ్మకు చీకటి, పొగ, మరుగుతున్న చాయ్. బయట పరుగులు, గోల. ఆ గోలలో "లోపలికి ఎవ్వలు దిగొద్దు" అన్న మాట స్పష్టంగా వినిపించింది. గనిలో ఏదో జరిగితేనే కదా దిగొద్దంటారు? పైకప్పు కూలిందా, నీళ్లొచ్చాయా? ఆగయ్య ఎప్పుడూ అందరికన్నా ముందే దిగుతాడు. పూలమ్మ మూలనున్న రోకలి తీసుకుని షట్టర్‌ను బాదడం మొదలుపెట్టింది.

బయట జనం షట్టర్ వైపు తిరిగారు.

"కరీం భాయ్, షట్టర్ తియ్యి. నేను గేటు కాడికి పోవాలె."

కరీం అటూ ఇటూ చూసి షట్టర్ దగ్గరికి వంగాడు. "తియ్యరాదక్కా. సమ్మె నడుస్తాంది."

"సమ్మెనా? గనిల ఏం కాలేదా?"

"ఏం కాలే. ఫికర్ జెయ్యకు. మీ ఆగయ్యన్న గిప్పుడే సైకిల్ తిప్పుకొని ఇంటికి పోయిండు."

పూలమ్మ రోకలి దించి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే రెండో భయం లేచింది. సమ్మె అయితే పూరీలు ఎవరు తింటారు? "పాడుగాను, నా దుకాణం పెట్టిన దినమే సమ్మె పెట్టినోళ్లెవలు?"

"నువ్వే గదక్కా."

"నేనా?"

"నువ్వు షట్టర్ దించితె సూసి నేను మూసిన. నన్ను సూసి బేగం మూసింది. బేగంను సూసి బజారంత మూసిండ్రు."

"నేను సమ్మెకు దించలే భాయ్. లింగమూర్తన్న వచ్చి బోణీ చేస్తడేమోనని దించిన. ఎత్తుదామంటె ఇరికింది."

ఆ మాట జనానికంతా వినిపించింది. పెట్టె మీద ఉన్న లింగమూర్తికి ఇంకా బాగా వినిపించింది.

"అన్నా, బోణీ అంటాంది," అన్నాడు అనుచరుడు మెల్లగా.

"నాకు చెవులున్నయి."

కరీం ఇనుప కమ్మీ పెట్టి షట్టర్ ఎత్తుతుండగానే గేటు వైపు నుంచి జీపు వచ్చి ఆగింది. గని వెల్ఫేర్ ఆఫీసర్ దిగాడు. ఫోన్ రాగానే మంచం మీది నుంచి లేచి వచ్చిన మనిషి, జుట్టు కూడా దువ్వుకోలేదు. "లింగమూర్తి గారూ, నోటీసు లేకుండా ఈ సమ్మె ఏమిటి? మీ డిమాండ్లు ఏమిటి?"

లింగమూర్తి కండువా ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చాడు. జనం ఆయన నోటి వంక చూస్తున్నారు. ఆయన జనం వంక చూస్తున్నాడు.

"అక్కా, సమ్మె తేలకముందు తెరిస్తె రాళ్లు పడ్తయి. లోపలికి పో," అన్నాడు కరీం, షట్టర్ పైదాకా ఎత్తి.

పూలమ్మకు రాయి తగిలితే ఏ దవాఖానకు మోసుకుపోతారో, పిల్లలకు ఆ పూట ఎవరు వండుతారో అన్నీ కళ్లముందు తిరిగాయి. అయినా బాణలి పొయ్యి మీద పెట్టి, మొదటి పూరీ నూనెలో వేసింది. "పడితె పడనియ్యి. చేసిన పిండి మాత్రం ఇంటికి తిరిగి పోదు," అంది.

పూరీ పొంగింది. వాసన బజారంతా నడిచింది. సరిగ్గా అప్పుడే రాత్రి షిఫ్టు దిగిన పోశం, కనురెప్పల దాకా బొగ్గు మసితో, జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. రాత్రంతా భూమి కింద ఉన్నవాడికి పైన సంగతులేవీ తెలియవు. "అయినయా బిడ్డా? ఆకలి దంచుతాంది," అని బల్ల మీద కూర్చుని, తిన్నాడు, పైసలు చేతిలో పెట్టాడు. బోణీ అయిపోయింది.

పోశం తింటుంటే చూసి రాజం వచ్చాడు. రాజం వెనక అందరూ వచ్చారు. తెరిచి ఉన్న దుకాణం అదొక్కటే. మొదటి షిఫ్టు వాళ్లు, రాత్రి షిఫ్టు వాళ్లు, గోధుమలు పోగొట్టుకున్న సారక్క, తాళం వేసిన కుబ్రా బేగం, చివరికి జీపు డ్రైవరు. పూలమ్మ ఒక చేత్తో ఒత్తుతూ, ఒక చేత్తో వేయిస్తూ, నూనె మీద పడుతుందని అందరినీ దూరంగా నెడుతూనే ఉంది.

ఆఫీసర్ కూడా ఒక ప్లేటు అందుకున్నాడు. కూర నంజుకుంటూ, "గనిలో బొగ్గుంది, మిషన్లున్నాయి, బయట ఇంతమంది మనుషులున్నారు. చాయ్ దొరక్క, సైకిల్‌కు గాలి లేక ఇంత పెద్ద గని ఆగిందా?" అన్నాడు.

"మిషన్ కాడికి మనిషి పోవాలె గద సార్," అన్నాడు కరీం. "మనిషిని పంపేది మేము."

ఆఫీసర్ లింగమూర్తి వైపు తిరిగాడు. "ఇప్పటికైనా చెప్పండి. డిమాండ్ ఏమిటి?"

లింగమూర్తి నోట్లో పూరీ ఉంది. మింగేదాకా ఆలోచించడానికి సమయం దొరికింది. షిఫ్టు వేళ దాటిపోయింది. గేటు దగ్గర హాజరు, అంటే మస్టరు, పడకపోతే ఎవరికీ ఈ రోజు కూలి లేదు. "ఆలస్యమైనా సరే, ఇక్కడున్న ప్రతి కార్మికునికి ఇయ్యాల మస్టరు పడాలె," అన్నాడు.

"అంతేనా?"

"అంతే."

"ఒప్పుకున్నాం."

"సమ్మె గెలిచింది," అని లింగమూర్తి చెయ్యి ఎత్తాడు. జనం చేతులు తుడుచుకుని గేటు వైపు కదిలారు. కరీం రాజం సైకిల్‌కు పంక్చర్ వేసి గాలి కొట్టాడు. గిర్ని మళ్లీ తిరిగింది.

పూలమ్మ ఇంటికి వచ్చేసరికి ఆగయ్య అప్పుడే లేచి గడప మీద కూర్చున్నాడు. "మిగిలిన పూరీలు పట్టుకరా, ఆకలైతాంది," అన్నాడు.

"లెవ్వు."

నమ్మక గిన్నెల మూతలన్నీ తీసి చూశాడు. కూర గిన్నె గీకినా ఏమీ రాలేదు. "గట్లెట్ల? సమ్మె గద."

"ఒడిసింది. అక్కడున్నోళ్లందరికి మస్టరు పడ్డది."

ఆగయ్య మూత మళ్లీ గిన్నె మీద పెట్టాడు. "ఇంటికొచ్చినోళ్లకు?"

"ఇంటికొచ్చినోళ్లకు పడలే."

"ఇంకెవలెవలు వచ్చిండ్రు ఇంటికి?"

"నాకెట్ల తెలుస్తది? నేను పని మీదున్న," అని పూలమ్మ మరుసటి రోజుకు పిండి కొలవడం మొదలుపెట్టింది.

ఆ రోజు ఆ ఇంట్లో డ్యూటీ చేసింది ఆమె ఒక్కతే.