ఎర్రమూత ఎలుకలు

ఆగండి, ఆగండి! పేజీ తిప్పకండి, ఇది విన్నాక వెళ్లండి. మానవజాతికి ఇక జలుబు చేయదు! ఈ సంగతిని మా పీహెచ్‌డీ గైడుగారు ఇవాళ పొద్దున పదింటికి, కొత్త కోటు తొడుక్కుని, ఆరు మైకుల ముందు ప్రకటించారు. మూత్రపిండాల నెత్తిన టోపీలా కూర్చునే అడ్రినల్ గ్రంథి ఉంది చూశారూ, అది తయారుచేసే ఒక స్టెరాయిడ్ హార్మోన్ వైరస్‌లను మట్టి కరిపిస్తుందట. మా ల్యాబ్ ఎలుకలే సాక్ష్యం!

సాక్ష్యం ఇవ్వడానికి ఎలుకలకేం, బాగానే ఇచ్చాయి. వైరస్ ఎక్కించిన నలభైలో ఇరవైకి రోజూ ఎర్రమూత సీసాలోది, ఇరవైకి నీలంమూత సీసాలోది. ఒకదాంట్లో నూనెలో కలిపిన హార్మోన్, రెండోదాంట్లో ఉత్త నూనె. ఏది ఏదో ఎలుకలను చూసుకునే అక్కకు తప్ప ఎవరికీ తెలియకూడదు. ఆవిడ కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, సీలు వేసింది. ఎర్రమూత ఎలుకల్లో పద్దెనిమిది బతికాయి, నీలంమూతవి ఐదే. ఇంకేముంది! ఎర్రమూతే హార్మోన్ అని గైడుగారు తేల్చేసి, కవరు విప్పకుండానే విలేకరులను పిలిచేశారు.

కవరు తీరిగ్గా సాయంత్రం నాలుగింటికి విప్పారు. 'ఎర్రమూత: ఉత్త నూనె' అని ఉంది.

గదిలో ఫ్యాను ఒక్కటే ధైర్యంగా తిరుగుతోంది.

"నువ్వు తప్పు రాశావేమో, గుర్తు తెచ్చుకో!" గైడుగారు అక్క మీద విరుచుకుపడ్డారు.

"నేనెందుకు తప్పు రాస్తాను సార్? నింపింది నేనే, మూతలు పెట్టింది నేనే. పొద్దున ఓ మాట అడిగుంటే విప్పి చూపించేదాన్ని. మీరేమో టై కట్టుకునే హడావుడిలో ఉంటిరి!"

ఎలుకలకు నీళ్లు పెట్టాలంటూ ఆవిడ వెళ్లిపోయింది. ఆయన చూపు తిరిగి తిరిగి నా మీద వాలింది. నా థీసిస్ ఆయన బల్ల మీదే ఉంది. ఐదేళ్ల చాకిరీ! ఆయనతో సంతకం పెట్టించుకుని ఇవాళ ఐదింటిలోగా ఆఫీసులో ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు.

"చూడమ్మా," గొంతులో తేనె పోసుకున్నారు. "మూతలు నువ్వే పొరపాటున మార్చేశావని రెండు ముక్కలు రాసివ్వు. చిన్నపిల్లవి, ఎవరూ ఏమీ అనుకోరు. సైన్సు నిలబడుతుంది, నీ థీసిస్ మీద నా సంతకమూ పడుతుంది."

"నేను మార్చలేదు కదా సార్! జనం ఆ హార్మోన్ కొనుక్కుని మింగితే?"

"మింగనివ్వమ్మా! ఒంట్లో ఉన్నదేగా, కొత్తేం కాదు!"

కలం నా చేతిలో పెట్టారు. అంతలో ఆయన ఫోను మోగింది. వాళ్లావిడ గొంతు నా దాకా వినిపిస్తోంది.

"ఏమండీ, టీవీలో చూశాం, ఎంత బాగా మాట్లాడారో! బుజ్జిదానికి మధ్యాహ్నం నుంచి ఒళ్లు కాలిపోతోంది. మీరు చెప్పిన ఆ హార్మోనే తెప్పించాను, రెండు బిళ్లలు వేసేదా?"

ఆయన కుర్చీలోంచి ఎగిరి లేచారు. "వద్దు! పిచ్చా నీకు? ముందది పారేయ్! పిల్లకి వాసన కూడా చూపించకు! డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు!"

ఫోను పెట్టేసి, కోటు సర్దుకుని, చల్లగా నవ్వారు.

"ఊఁ, ఎక్కడున్నాం? రాయమ్మా, 'మూతలు నేనే...'"

ఐదుకు ఇంకా పది నిమిషాలుంది. ముందర తెల్లకాగితం, పక్కన నా ఐదేళ్లు. చెప్పండి, మీరైతే ఏం రాస్తారు?