పసుపు పళ్ల కుట్ర

"ఈ ఊళ్లో నేరం చెయ్యాలంటే ముందు నా కంటికి గంతలు కట్టాలిరా!" అని ప్రకటించాడు గడియారాల బావ. భూతద్దం బిగించి ఉండటంతో ఆ కంటికి అప్పటికే సరిగా ఏమీ కనిపించడం లేదు.

పక్కన మిషను తొక్కుతున్న దర్జీ తలెత్తలేదు. గదిలో సగం గడియారాల రిపేరు, సగం కుట్టుపని. పదేళ్లుగా అక్క మొగుడి ఘనకార్యాలు వింటున్నది అతనొక్కడే. ఈరోజు మాత్రం అతని ప్రాణమంతా ఎదురుగా ఉన్న పళ్ల ఆసుపత్రిలో ఉంది. ఏడేళ్ల కూతురి కొత్త పన్ను మీద సుద్ద పూసినట్టు తెల్లమచ్చ లేచింది. మూడు నెలల వైద్యం తర్వాత అది ఆగిందో, గుంట పడిందో ఇవాళ తేలుతుంది. పాపను తల్లే తీసుకెళ్లింది. ఇతనికి లోపలికి వెళ్లే ధైర్యం లేదు.

"చూశావా?" అంటూ బావ ఆసుపత్రి వైపు వేలు చూపించాడు. "ముగ్గురు పిల్లలు బయటికొచ్చారు. ముగ్గురి పళ్లూ పసుపే! ఒక్కడూ ఏమీ నమలట్లేదు. ఇది విషప్రయోగం!"

"బావా, నీకు దణ్ణం పెడతా. అక్కడ గొడవ చేశావంటే డాక్టరమ్మ మా పాపను మళ్లీ గుమ్మం తొక్కనివ్వదు."

"భయపడకు. నీడలా వెళ్లి నీడలా వస్తా."

నీడ గుమ్మంలోనే బకెట్టు తన్నింది. కంగారుగా తెరచాటుకు దూరి, చేతికి తగిలిన కుర్చీలో కూలబడింది. కాలు ఏదో మీట మీద పడగానే కుర్చీ వెల్లకిలా వాలింది.

"ఎవరూ కదలొద్దు!" అని అరవడానికి బావ నోరు తెరిచాడు. పిలిచిన రోగే కాబోలనుకుని డాక్టరమ్మ అందులో దూది కుక్కింది.

వెనకే పరిగెత్తుకొచ్చిన దర్జీ తెర దగ్గర ఆగిపోయాడు. "క్షమించండమ్మా, మా బావ. ఆ పసుపు పళ్ల సంగతి తేలుద్దామని..."

"మ్మ్! మ్మ్!" అన్నాడు బావ.

"అదా! ఫ్లోరైడ్ పూతండీ. తీపి తిన్నాక నోట్లో ఆమ్లం ఊరి, పంటి పైపొరలో సత్తువ లాగేస్తుంది. పోయిన సత్తువ ఉమ్ములోంచి తిరిగి చేరడానికి ఫ్లోరైడ్ సాయపడుతుంది. గుంట పడకముందైతేనే లెండి. రేపు తోముకుంటే ఆ పసుపు పోతుంది. అందాకా గట్టివి నమలొద్దన్నాను."

దర్జీ తెర దాటి ఒక్క అడుగు లోపలికి వేశాడు. "మరి... మా పాప పన్ను?"

"మచ్చ గట్టిపడిందండీ. తొలిచే పని లేదు. ఫ్లోరైడ్ పేస్టు బఠాణీ గింజంత వేసి రెండుపూటలా తోమించండి. మింగకుండా ఉమ్మెయ్యాలి."

మూల బల్ల మీద తల్లి పక్కన కూర్చున్న పాప దూకి వచ్చి, "చూడు నాన్నా!" అని నోరంతా తెరిచింది. దర్జీకి కళ్లు మసకబారి ఒక్క పన్నూ కనిపించలేదు. అయినా, "ముత్యాల్లా ఉన్నాయమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ దీపం బావ నోటి వైపు తిప్పింది. "ఈయన దవడ పంటికి మాత్రం పెద్ద గుంటే. డ్రిల్లు పెట్టాల్సిందే."

బావ కళ్లు తేలేసి దర్జీ చెయ్యి పట్టుకున్నాడు.

"ఊరంతా గాలించావు కదా బావా," అన్నాడు దర్జీ, చెయ్యి వదలకుండానే. "దొంగ నీ నోట్లోనే కాపరం పెట్టాడు."

అరగంట తర్వాత దూది తీశారు. వాచిన బుగ్గతో బావ లేచి, చొక్కా సర్దుకున్నాడు.

"నాకు ముందే తెలుసు. లేకపోతే సూటిగా వచ్చి ఈ కుర్చీలోనే ఎందుకు కూర్చుంటాను?"