కీళ్ల బిళ్లకు ఫస్టు ర్యాంకు

ఆ ఉదయం అల్లుడికి ఉన్నవి రెండే పనులు. ముందు మామగారి కీళ్ల బిళ్లలు కొనాలి, తర్వాత ఆఫీసుకెళ్లి, రాత్రంతా కంప్యూటరు వేసిన లెక్కను పై అధికారికి చూపించాలి. బిళ్లలు నిన్నటితో అయిపోయాయి. ఒక్క పూట తప్పితే మామగారి బొటనవేలు వంకాయంత అవుతుంది. నొప్పి ఆయనదే గానీ మూలుగు ఇంటిల్లిపాదీ పంచుకోవాలి.

నెల రోజులుగా ఊళ్లో తుమ్ముతో మొదలయ్యే కొత్త జ్వరం తిరుగుతోంది. కొత్త మందు కనిపెట్టాలంటే ఏళ్లు పడుతుంది గనక, దుకాణాల్లో ఉన్న పాత మందుల్లో ఏదైనా ఆ క్రిమిని గట్టిగా పట్టుకుంటుందేమో కంప్యూటరులో వెతకడం అల్లుడి ఉద్యోగం. పాత ఎద్దుల్లో కొత్త కాడి మోసేదేదో చూడటం లాంటిదన్నమాట.

కాఫీ తాగుతూ లెక్క తెరిచాడు. ఒక్కో మందుకు కంప్యూటరు వేసిన మార్కుల్లో అన్నిటికన్నా పైనున్న పేరు చూసి నోరు జారాడు.

"మీ నాన్న వేసుకునే బిళ్లే ఫస్టొచ్చింది."

"దేంట్లో?" అంది భార్య.

"జ్వరానికి. కంప్యూటర్ లెక్కలోలే. ఇంకా ల్యాబులో చూడాలి, మనుషుల మీద చూడాలి, బోలెడు తతంగముంది."

పక్కగదిలో మామగారు మొదటి సగం విన్నారు. రెండో సగం పూర్తయ్యేసరికి ఆయన వీధిలో ఉన్నారు.

ఆరేళ్లుగా ఆ ఇంట్లో ఆయన మాటకు గోడగడియారం చప్పుడుకున్న విలువే ఉంది. ఇవాళ మలుపులో నిలబడి, "నన్ను చూడండి. ఆరేళ్లుగా ఇదే మింగుతున్నా. నా జోలికొచ్చిందా జ్వరం?" అనేసరికి ఎదురింటావిడ కుర్చీ తెచ్చి వేసింది. జ్వరం పుట్టిందే నెల కిందటని ఎవరికీ తట్టలేదు.

అల్లుడు స్నానం చేసి వెళ్లేసరికి దుకాణం ఖాళీ.

"అయిపోయాయండి," అన్నాడు దుకాణదారు. "కనిపెట్టిన మీకే లేకపోయెనే అని నాకూ బాధగానే ఉంది. మధ్యాహ్నం ఇంకో పెట్టె వస్తుంది, వరసలో నిలబడండి."

మరో రెండు దుకాణాలు తిరిగాడు. అతనికన్నా కబురే ముందు చేరింది. ఉత్తచేతులతో ఆఫీసుకెళ్తే పై అధికారి గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"నాకంటే ముందు మా ఆవిడకి తెలిసిందేంటయ్యా? ఏదీ ఆ లెక్క?"

చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ కొత్త ప్రోగ్రాంలో మార్కు ఎంత తక్కువైతే మందు అంత గట్టిగా పట్టుకున్నట్టు. నువ్వు కింద నుంచి చదవాల్సింది పై నుంచి చదివావు."

ఎక్కువ మార్కులే గొప్పని పలకాబలపం నాటి నుంచి నమ్మిన బుర్ర. కీళ్ల బిళ్ల ఫస్టు కాదు, అన్నిటికన్నా ఆఖరు.

"ముందెళ్లి మీ వీధిని సర్దుకుని రా," అన్నాడు పై అధికారి.

దుకాణం దగ్గరికి వెళ్లేసరికి కొత్త పెట్టె వచ్చేసింది. వరస మలుపు తిరిగింది. వరస మొదట్లో, కుర్చీలో, మామగారు.

"అది పనిచేయదు," అన్నాడు అల్లుడు. "నేనే తప్పు చదివాను. అయినా కంప్యూటర్ చెప్పిందని మందులు ఎగబడి కొనేస్తారా? చదువుకున్నవాళ్లు, కాస్త ఇంగితముండాలి."

"విన్నారా, తనవాళ్లకి దాచుకుంటున్నాడు," అంది ఎదురింటావిడ. వరస ఇంకాస్త బిగిసింది.

"మా అల్లుడి మాటకేంగానీ, నన్ను చూడండి," అంటూ మామగారు లేచి ఛాతీ విరిచారు. తుమ్మారు.

ముందున్నవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. ఆయన ఇంకోసారి తుమ్మారు.

వరస ఎండలో మంచులా కరిగిపోయింది. ఎదురింటావిడ తన కుర్చీ వంక చూసిందిగానీ ముట్టుకునే సాహసం చేయలేదు. సాయంత్రానికల్లా కొన్నవాళ్లంతా బిళ్లల షీట్లు తెచ్చి అల్లుడి ఇంటి గేటు మీంచి లోపలికి విసిరిపోయారు. అది ఉత్త దుమ్ము తుమ్మేనని డాక్టరు తేల్చాడు. మామగారి బొటనవేలికి మూడేళ్లదాకా ఢోకా లేదు.

అల్లుడు లెక్కను ఈసారి సరైన వైపు నుంచి చదివాడు. ఫస్టొచ్చింది కడుపుమంటకు వేసుకునే మామూలు బిళ్ల.

"ఇంతకీ అసలు ఫస్టేదండీ?" అంది భార్య.

"పరీక్షలు కాకుండా అలాంటివి బయటపెట్టకూడదు," అని గట్టిగా చెప్పి, కాస్త గాలి పీల్చుకొస్తానంటూ దుకాణం దాకా వెళ్లాడు.

"కడుపుమంట బిళ్లలివ్వండి. నాకే."

"ఎన్నండీ?"

అల్లుడు వీధికి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఎన్నున్నాయి?"