సోమవారం నీళ్ళు, గురువారం అలలు

నీళ్ళూ అలలూ ఒకేచోట ఉండాలన్నది చదువూ సంధ్యా లేని సముద్రానికి పట్టుకున్న పాడలవాటు. విశ్వవిద్యాలయం దాన్ని ఎప్పుడో సరిదిద్దింది. అలలతో కరెంటు పుట్టించే యంత్రాల్ని పరీక్షించడానికి కట్టిన ముప్ఫై మీటర్ల తొట్టిలో నీళ్ళు సివిల్ శాఖవి, అలలు లేపే ఇనుప తలుపు మెకానికల్ శాఖది. సోమ, మంగళ, బుధవారాలు నీళ్ళు. గురు, శుక్రవారాలు అలలు. బుధవారం సాయంత్రం సివిల్ వాళ్ళు తమ నీళ్ళు తాము తీసేసుకుంటారు. (శనివారం తొట్టికి సెలవు. అలిసిపోదూ మరి!)

ఈ ఏర్పాటు మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఫిర్యాదు ఫారంలో ఒక్క శాఖ పేరే రాయాలి, ఇద్దరి మీదా కలిపి రాస్తే చెల్లదు.

ఒక పరిశోధక విద్యార్థిని చేసిన యంత్రం చెప్పుల పెట్టె అంత ఉంటుంది. అలకి ఊగితే పైనున్న బుల్లి బల్బు వెలగాలి. ఐదేళ్ళు దానికే ధారపోసింది పాపం. వచ్చే వారం శుక్రవారంలోగా ఫలితం చూపించకపోతే ఆమె రిజిస్ట్రేషన్ రద్దు.

సోమవారం నిలవ నీళ్ళలో పెట్టింది. పెట్టె బుద్ధిగా తేలింది, బల్బు వెలగలేదు. గురువారం ఎండిన తొట్టిలో పెట్టింది. ఇనుప తలుపు గాలిని కొట్టీ కొట్టీ ఊరుకుంది, బల్బు వెలగలేదు. ప్రయోగశాల అధిపతి దగ్గరికి పరిగెత్తింది.

"రెండు పరీక్షలూ అయ్యాయిగా, ఇంకేం కావాలమ్మా?"

"రెండూ ఒకేసారి కావాలి సార్. సముద్రంలో అలాగే ఉంటాయి కదా!"

"సముద్రానికేం తల్లీ, దానికి శాఖలా పాడా!"

ఆయన నీళ్ళలో వచ్చిన సున్నానీ అలల్లో వచ్చిన సున్నానీ కూడి, మొత్తం సున్నా అని వేసుకున్నారు. (రెండుసార్లు సరిచూసుకున్నారు కూడా.)

మరుసటి బుధవారం సాయంత్రం ఆమె తొట్టి గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తొట్టిలో నీళ్ళు తీసెయ్యడానికి వచ్చిన ముసలి అటెండరు ఆమెని చూసి మోకాలు పట్టుకున్నాడు.

"నా మోకాలు పట్టేసిందమ్మా. వాల్వు దాకా వంగలేను. రేపు తొమ్మిదింటికల్లా వచ్చెయ్."

"వద్దు బాబాయ్, నీ మీదకొస్తుంది!"

"ఏం చేస్తారు, మోకాలికి మెమో ఇస్తారా?"

గురువారం తొమ్మిదింటికి ఇనుప తలుపు కదిలింది. నీళ్ళు లేచాయి. పెట్టె ఊగింది, బల్బు భగ్గున వెలిగింది! ఆమె కేక పెట్టింది. పట్టేసిన మోకాలితోనే అటెండరు ఒక్క గెంతు గెంతాడు. ఆ కేక విని వచ్చిన అధిపతి "భలే భలే!" అంటూ ఫోన్లో ఫొటో తీసుకున్నారు. హమ్మయ్య, గట్టెక్కానని ఆమె అనుకుంది.

శుక్రవారం మధ్యాహ్నానికి మోకాలికి మెమో వచ్చింది. విద్యార్థినికి రెండు కాగితాలు వచ్చాయి. యంత్రం కరెంటు పుట్టించదని నిర్ధారణ అయినందువల్ల రిజిస్ట్రేషన్ రద్దు చేశామని మొదటిది. ప్రయోగశాలలో అనుమతి లేకుండా కరెంటు పుట్టించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని రెండోది.

రెండింటి కిందా సంతకం ఒక్కరిదే. రెండోదానికి సాక్ష్యంగా, వెలుగుతున్న బల్బు ఫొటో జతచేశారు.