క్వింటాలు సంసోను పెళ్లికోటు

బీదరు ధాన్యం బజారులో ముప్పై ఏళ్లు కాంటా పట్టిన సంసోనుకు ఊరు పెట్టిన పేరు క్వింటాలు సంసోను. తూకం వేసేవాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని అతను చెప్పుకునేవాడు. అంత తూగేవాడు కాబట్టి వచ్చిందని భార్య హేబ్సిబా చెప్పేది. ఇద్దరి మాటా నిజమే.

మైసూరు రాష్ట్రం కర్ణాటకగా పేరు మార్చుకున్న ఏడాది సంసోనుకు ఒంటేలు కష్టమైంది. హైదరాబాదు తీసుకుపోతే, మూత్రసంచి కింద ప్రొస్టేటు అనే గ్రంథి ఉంటుందనీ, అందులో క్యాన్సరు పుట్టిందనీ తేలింది. ఆపరేషను చేసి, మాత్రలు రాసిచ్చి, డాక్టరు చివర్లో సంసోను పొట్ట వంక చూశాడు.

"ఇది నిదానంగా పెరిగే రకం. ఒంట్లో కొవ్వు దీనికి మేత అవుతుందేమోనని కొందరికి అనుమానం. ఇంకా రుజువు కాలేదు. అయినా నెయ్యి తగ్గించి, నడిచి, ఈ పొట్ట కరిగిస్తే మంచిదే. ఆరు నెలలకు మళ్లీ రండి."

సంసోను చెవిన "రుజువు కాలేదు" ఒక్కటే పడింది. హేబ్సిబా చెవిన "మేత" ఒక్కటే పడింది.

తిరుగు బస్సులో జహీరాబాదు దాటేదాకా ఆమె నోరు విప్పలేదు. పెళ్లయ్యాక అంతసేపు ఆమె మాట్లాడకుండా ఉండడం సంసోను ఎన్నడూ చూడలేదు. క్యాన్సరు కంటే దానికే అతను ఎక్కువ బెదిరాడు.

మర్నాడే నేతిగిన్నె పొరుగింటికి పోయింది.

"పరేషాన్ గాకు. వారం వారం బజారుకు పోయి కాంటా మీద నిలబడత. తగ్గిన్నో లేదో అదే చెప్తది" అన్నాడు సంసోను.

"కాంటానా? ముప్పై ఏండ్ల సంది నువ్వు చెప్పిందే అది చెప్పింది. ఇప్పుడు కొత్తగ నా మాట వింటదా?" అంటూ హేబ్సిబా ట్రంకుపెట్టెలోంచి అతని పెళ్లికోటు తీసింది.

తొడిగితే గుండీకీ కాజాకీ మధ్య జానెడు దూరం. ఆ జానెడంతా పొట్టే.

"ఆరు నెలలకు చర్చిల కోతపండుగ. ఆ ఆరాధనకు ఈ గుండీలు పెట్టుకొని రావాలె. అందాంక ఇంట్ల నెయ్యి లేదు."

ఇంట్లో లేకపోతే ఊళ్లో లేదా? సంసోను బుర్ర చకచకా పనిచేసింది. కోటు తీసుకుని దర్జీ గిద్యోను దగ్గరికి పోయాడు. గిద్యోను హేబ్సిబాకు వరుసకు తమ్ముడు. అయినా మగవాడి కష్టం మగవాడికి తెలియదా అని సంసోను ధీమా.

"వారానికి వేలెడు చొప్పున కుట్టు విప్పి వదులు చెయ్యి. ఒక్కసారే చేస్తే మీ అక్క పట్టేస్తది."

"అట్లనే బావా" అన్నాడు గిద్యోను వినయంగా.

ఇక నెయ్యి. నౌబాదులో సిద్దప్ప ఉన్నాడు, బజారు నాటి దోస్తు. రోజూ పొద్దున బీదరులో ఇళ్లకు పాలు తెస్తాడు. అతని ఇంట్లో పాడి ఉంది, పాడి ఉన్నచోట నెయ్యి ఉంటుంది.

"సిద్దప్పకు మోకాలు నొప్పట. దినాం సాయంత్రం పోయి చూసొస్త" అన్నాడు సంసోను.

"పో, పాపం" అంది హేబ్సిబా.

ఎక్కడానికి సైకిలు తీస్తే టైరు పంచరు. బాగు చేయిస్తే మర్నాడు మళ్లీ పంచరు. బీదరులోని ముళ్లన్నీ తన టైరునే వెతుక్కుంటున్నాయని తిట్టుకుంటూ సంసోను రోజూ పోను మూడు మైళ్లు, రాను మూడు మైళ్లు నడిచాడు. నెయ్యి కోసం మనిషి ఏమైనా చేస్తాడు.

సిద్దప్ప గడపలో అడుగు పెట్టగానే కమ్మని నేతివాసన. అతని భార్య సుందరాబాయి జొన్నరొట్టె, పప్పు పెట్టేది.

"నెయ్యి పప్పులనే కలిపిన అన్నా. పైకి కానరాదు."

సంసోను కళ్లు మూసుకుని తినేవాడు. ఆ ఆనందం పట్టలేక ఒకనాడు ఇంట్లో నోరు జారాడు.

"సుందరాబాయి పప్పు తిన్న. నెయ్యి లేదులే, ఉత్త పప్పే. చెయ్యంటే ఆమెది! నువ్వు జర పోయి నేర్చుకోరాదూ?"

హేబ్సిబా తలెత్తకుండానే, "అట్లనా?" అంది.

కోతపండుగ ఆదివారం రానే వచ్చింది. సంసోను కోటు తొడిగాడు. మూడు గుండీలూ పడ్డాయి. పడడమే కాదు, లోపల ఇంకో మనిషికి చోటు మిగిలింది. చర్చి ఆవరణలో గిద్యోనును గోడ పక్కకు లాగాడు.

"వేలెడు వేలెడు అంటే ఇంత గుడారం చేసినవేందిరా? మీ అక్క చూస్తే అయిపాయె!"

"యేసయ్య తోడు బావా, నేను సూది ముట్టలే. నీకంటే ముందే అక్క వచ్చి, కుట్టు విప్పొద్దని చెప్పి పోయింది. వారం వారం ఇస్త్రీ చేసి ఇచ్చిన, అంతే."

సంసోను కోటును తడుముకున్నాడు. పాత కుట్లు పాతగానే ఉన్నాయి. పొట్టే లేదు.

"మరి నేను తిన్న నెయ్యంతా ఏమైనట్టు?"

జవాబు సిద్దప్ప రూపంలో వచ్చింది. పండుగకు ఇవ్వడానికి గుమ్మడికాయ భుజాన పెట్టుకుని, మోకాలి నొప్పి జాడ లేకుండా గబగబా నడిచి వస్తున్నాడు.

"నెయ్యి యాడిది సంసోనన్నా? చెంచాడు నిప్పుల మీద పోస్తిమి, వాసనకు. పప్పు మీ ఇంటిదే. దినాం పొద్దున పాలు పోసి పోయేటప్పుడు వదిన డబ్బాల పెట్టి ఇస్తుండె."

సంసోను ఆరు నెలలు లొట్టలు వేస్తూ తిన్నది, మెచ్చుకున్నది, నేర్చుకొమ్మని చెప్పింది భార్య చేతి పప్పునే! మెల్లగా తిరిగి చూస్తే హేబ్సిబా వెనకే ఉంది.

"సైకిలు పంచరు గూడ నువ్వేనా?"

"బొంత కుట్టే సూది" అంది హేబ్సిబా. తర్వాత గొంతు తగ్గింది. "నడువుమంటే నడువవు. తినకంటే వినవు. నాకు నువ్వు గావాలె. ఇంకేం జేద్దును?"

ముప్పై ఏళ్లు వేల బస్తాలు తూచినవాడికి ఆమె తూకం ఇన్నాళ్లకు తెలిసింది. ఎంత ఓపిక, ఎంత తెలివి! ఆమె కొంగు చివర పట్టుకుని చిన్నపిల్లాడిలా చర్చిలోకి నడిచాడు.

తర్వాతి వారం హైదరాబాదు డాక్టరు కాగితాలన్నీ చూశాడు. రోగం ఎక్కడిదక్కడే ఉంది, పెరగలేదు. "మాత్రలు పనిచేశాయో, నడకో, పొట్ట తగ్గడమో నేను చెప్పలేను. ఏదీ మానకండి" అన్నాడు. బస్సులో హేబ్సిబా జహీరాబాదు దాకా ఆపకుండా మాట్లాడింది. సంసోనుకు ప్రాణం లేచివచ్చింది.

మర్నాడు సాయంత్రం సైకిలు తీస్తే టైరు నిండా గాలి. హేబ్సిబా ఇక పొడవడం మానేసింది. సంసోను సీటు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. నౌబాదు దారి చూశాడు, పొట్ట చూసుకున్నాడు, మళ్లీ సైకిలు చూశాడు. తన సంగతి తనకు తెలుసు.

వంటింటి గుమ్మంలోకి వచ్చి తలవంచుకుని అడిగాడు.

"ఏమే, ఆ సూది యాడ పెట్టినవ్?"