జీడిపండు రసానికి జై!

కొత్తగా పెళ్లయిన జంటలకు ఈ దేశంలో ప్రభుత్వం ఏ పథకమూ పెట్టనక్కర్లేదు. ఆంటీఆక్సిడెంట్లు ఉన్నాయి, చాలు!

నవ్వకండి. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. నాకు పెళ్లయి ఇవాళ్టికి డెబ్భై మూడు రోజులు. ఈ రెండు అర్హతలూ ఒకే మనిషిలో దొరకడం అరుదు. కాబట్టి ఈ విషయం మీద మాట్లాడే హక్కు ఉద్దానం మొత్తానికి నా ఒక్కదానికే ఉందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఆంటీఆక్సిడెంట్ అంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు ముక్కలు. మన ఒంట్లో ఫ్రీ రాడికల్ అని ఒకటి తిరుగుతూ ఉంటుంది. దానిలో ఒక ఎలక్ట్రాన్‌కి జంట ఉండదు. జంట లేదు కనక కుదురూ ఉండదు. కనిపించిన ప్రతి కణాన్నీ వెళ్లి గుద్దుతుంది. అప్పుడు ఆంటీఆక్సిడెంట్ అనే పుణ్యాత్మురాలు వచ్చి తన ఎలక్ట్రాన్ ఒకటి దానికి ఇస్తుంది. జంట కుదిరిపోతుంది! ఇక అది బుద్ధిగా ఇంటిపట్టున ఉంటుంది. మా ఆయన, అదే మా బావ మనోహర్‌ని పెళ్లికి ముందూ తర్వాతా చూసిన సోంపేట ప్రజలకు ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు.

నేను టెక్కలి పిల్లని. అత్తవారిది సోంపేట పక్కన, కొబ్బరి చెట్ల నడుమ ఉన్న ఊరు. ఇంట్లో ఉండేది నలుగురం. మావయ్య పోలారావు, అత్తయ్య దాలమ్మ, బావ, నేను. నలుగురే కదా అనుకుంటున్నారా? కొత్త కోడలిని చూడ్డానికి వచ్చేవాళ్లని లెక్కపెట్టలేదు మీరు! పొద్దున పాలు పోయడానికి వచ్చినవాళ్లు చూస్తారు. కొబ్బరికాయలు దింపడానికి వచ్చినవాళ్లు చూస్తారు. దారి తప్పి వచ్చినవాళ్లు కూడా ఒకసారి చూసి, మంచినీళ్లు తాగి వెళతారు. ఇంత మందిలో మొగుడూ పెళ్లాం ఒక్క మాట మాట్లాడుకోవాలంటే ఎలా? అతనికి ఉప్పు అందించేటప్పుడు ఒక మాట, మజ్జిగ అందించేటప్పుడు ఇంకో మాట. వాక్యం పూర్తవ్వాలంటే రెండు పూటలు భోంచేయాలి!

అలాంటి కాలంలో జీడిపండు నన్ను ఆదుకుంది.

మా మావయ్యకి నాలుగెకరాల జీడితోట. అందరిలాగే ఆయనా పండు నుంచి పిక్క తెంపుకుని, పండుని చెట్టు కిందే వదిలేస్తారు. ఎర్రటివి, పచ్చటివి, నిగనిగలాడే పళ్లు కుప్పలుకుప్పలుగా కుళ్లుతుంటే నా గుండె తరుక్కుపోయింది. ఎందుకంటే కాలేజీలో నా ప్రాజెక్టు జీడిపండు మీదే! ఊదారంగు ద్రావణంలో దాని రసం వేస్తే రంగు వెలిసిపోయేది. ఎంత వెలిస్తే అంత ఆంటీఆక్సిడెంట్ శక్తి అని రాసుకునేవాళ్లం. దాని కోసం ఆ వగరు రసం తాగి చూస్తూ మూడు నెలలు గొంతు గరగరలాడించుకున్నదాన్ని!

ఒక ఆదివారం మధ్యాహ్నం ఉండబట్టలేక మావయ్యకి చూపించేశాను. గాజుగ్లాసులో నీళ్లు పోసి, దెబ్బలకు రాసే అయోడిన్ మందు నాలుగు చుక్కలు వేశాను. నీళ్లు టీ రంగుకి తిరిగాయి. అందులో జీడిపండు పిండాను. అంతే! నీళ్లు తేటపడిపోయాయి.

మావయ్య గ్లాసుని సూర్యుడి కేసి ఎత్తి చూశారు. కింద నుంచి చూశారు. వాసన చూశారు.

"ఓలప్పా! ఆ ఎర్రదనం ఎటెల్లిపోనాది?"

"మీ పండు మింగేసింది మావయ్యా!"

"సూసినావేటే దాలమ్మా! ఇన్నేల్లూ పిక్క తీసుకుని అమురుతం పారబోసినాం. సదువుకున్న పిల్ల ఒచ్చి కల్లు తెరిపించినాది."

అత్తయ్య చేట దించలేదు. "అమురుతమో ఏటో గానీ గొంతు గీరుకుపోతాది. నాకొద్దు తల్లీ," అంది.

ఆ రోజు నుంచి మా ఇల్లు ప్రయోగశాల అయిపోయింది. పొద్దున్నే ఉప్పేసిన జీడిపండు రసం. తొమ్మిదింటికి మునగాకు నీళ్లు. టీ పేరుతో మందార పువ్వుల కషాయం. మధ్యాహ్నం పప్పులో తిప్పతీగ, సాయంత్రం నేల ఉసిరి! జీడిపప్పు మీద పొర కూడా పారేయనివ్వలేదు మావయ్య, దంచి దాచారు. వచ్చిన చుట్టాలు మొదటి గ్లాసుకే లేచి, "మళ్లీ వస్తాం," అనేవాళ్లు. రాలేదు. కొత్త కోడలిని చూసే జనం సగానికి సగం తగ్గారు. ఆంటీఆక్సిడెంట్ల మేలు కాదా ఇది?

ఎదురింటి నీలకంఠం బాబాయి గేదెకి కూడా రసం పట్టించాడు. గేదె ఒకసారి తాగి, ఆ తర్వాత అతను కనపడితే చాలు, మొహం తిప్పేసుకునేది. అయినా బాబాయి, "దాని కల్లల్లో మెరుపొచ్చినాది," అని ఊరంతా చెప్పుకున్నాడు. మెరుపు కాదు, అది కోపమని నాకు తెలుసు. కానీ సైన్సుకి ప్రచారం చేసేవాళ్లని నిరుత్సాహపరచకూడదు కదా!

ఇక అసలైన మేలుకి వస్తాను. ఇన్ని ఆకులు ఎవరు తేవాలి? ఏ ఆకు మంచిదో తెలిసినది నేను. బండి నడపడం తెలిసినవాడు బావ. కాబట్టి రోజూ సాయంత్రం మేమిద్దరం ఆకుల కోసం బయల్దేరేవాళ్లం. ఎవరికీ చెప్పక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. మావయ్యే బండి తాళం తెచ్చి చేతిలో పెట్టి, "సీకటి పడకుండా ఎల్లండమ్మా," అని పంపేవారు!

అత్తయ్యకి మాత్రం అనుమానం.

"నేల ఉసిరి పెరట్లో గడ్డిలాగ మొలిసింది కదే. సుమ్మాదేవి టేసను దగ్గరదే కావాలేటి?"

"అక్కడి మట్టి వేరు అత్తయ్యా. ఫినోలిక్ కాంపౌండ్లు ఎక్కువుంటాయి."

ఆ మట్టిని ఎవరూ ఎప్పుడూ పరీక్షించలేదు. సుమ్మాదేవి స్టేషన్‌లో ఖాళీ బెంచీ ఉంటుంది, ఆకుల కోసం తెచ్చిన బస్తా నిండా గాలి ఉంటుంది. పొట్లంలో వేడి వేరుశనక్కాయలు ఉంటే అతను ఒలుస్తాడు, నేను తింటాను. ఆగని రైళ్లు ఊపుగా పోతుంటే నా చీర కొంగు ఎగిరి అతని మొహాన పడుతుంది. దాన్ని తీసే తొందర ఇద్దరికీ ఉండదు. వచ్చేటప్పుడు ఒక గుప్పెడు నేల ఉసిరి పీక్కొచ్చేవాళ్లం. పాఠకులారా, ఇంతకన్నా ఆరోగ్యకరమైన మొక్క ఏదైనా ఉందా?

"ఇయ్యాల ఏటి తక్కువైంది హిమా, ఇంట్లో?" అని బావ వంటింటి గుమ్మంలో నిలబడి మరీ గట్టిగా అడిగేవాడు.

"తిప్పతీగ!"

"అయ్యో! అది పలాస దాకా ఎల్తే గానీ దొరకదు."

ఇలా యాభై రోజులు స్వర్గం గడిచింది. యాభై ఒకటో రోజున ఎండిన మందారాలు దాచడానికి ఖాళీ డబ్బా వెతుకుతూ మావయ్య మందుల డబ్బా తెరిచాను.

బీపీ మాత్రల షీట్లు మూడు ఉన్నాయి. రెండు ముట్టుకోలేదు. మూడో దాంట్లో నాలుగే తీసి ఉన్నాయి. పక్కన మడత పెట్టిన చీటీ. కిడ్నీ పరీక్షకి మళ్లీ రమ్మని డాక్టరు రాసిచ్చిన తేదీ దాటి నెల అయింది.

అప్పుడు గుర్తొచ్చింది, వారం రోజులుగా మావయ్య పాదాల మీద చెప్పు పట్టీ గుర్తు లోతుగా పడుతోంది. వాపు ఎండకని చెప్పారాయన. నేనూ సరేనని తిప్పతీగకి వెళ్లిపోయాను.

"మావయ్యా, మాత్రలు వేసుకోవట్లేదా?"

ఆయన చుట్ట ఆర్పి ఎంతో ముద్దుగా నవ్వారు. "ఎందుకమ్మా మరి? నువ్వే సూపించినావు కదేటి! గళాసులో ఎర్రదనం సిటికెలో పోనాది. నా రగతంలో మురికి దానికో నెక్కా?"

"అది గ్లాసు మావయ్యా! ఒళ్లు వేరు. గ్లాసుకి బీపీ ఉండదు, కిడ్నీలు ఉండవు. నేను కాలేజీలో చేసింది కూడా గాజుగొట్టంలోనే. మనిషి మీద చేయలేదు."

"నీ సదువు మీద నీకు నమ్మకం నేదు గానీ, నాకుంది తల్లీ," అన్నారు. గ్లాసెత్తి గుటకలు వేశారు.

పాఠకులారా, నా జీవితంలో నన్ను అంతగా నమ్మిన మనిషి లేరు. మా ప్రాజెక్టు గైడు కూడా నమ్మలేదు!

బావకి చెప్పాను. అతను వేళాకోళం ఆడలేదు. బండి తాళం చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"పెదనాన్నని డయాలసిస్‌కి తిప్పింది నాన్నే. వారానికి రెండుసార్లు, రెండేళ్లు. పెదనాన్న పోయినప్పటి నించీ ల్యాబు బోర్డు కనపడితే రోడ్డుకి అవతలేపు నడుత్తాడు. ఆ సీటీ మీద తేదీ మర్సిపోనేదు హిమా. రోజూ తీసి సూసుకుని మల్లీ పెట్టేత్తాడు."

ఇప్పుడు చెబుతాను వినండి, ఆంటీఆక్సిడెంట్లలో అన్నిటికన్నా గొప్ప గుణం ఏమిటో. రంగు వెలియడం కాదు, ఎలక్ట్రాన్ దానం కాదు. అవి నంబరు చెప్పవు! రసం తాగిన మనిషికి కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ ఎంతుందో రసం ఎప్పటికీ చెప్పదు. కిడ్నీ జబ్బు పాకిన మా ఉద్దానంలో ప్రతి ఇంట్లో ఎవరో ఒకరి నంబరు అందరికీ తెలిసి ఉంటుంది. ఎవరిదైనా పెరిగిందంటే వీధి వీధంతా గొంతు తగ్గించి మాట్లాడుతుంది. అలాంటి చోట, ఏ నంబరూ అడగకుండా, పొద్దున్నే ధైర్యం చెప్పి పోయే గ్లాసుడు వగరు కన్నా గొప్ప వైద్యం ఏముంటుంది? తిప్పతీగ కోసం పలాస దాకా తిరుగుతాం. బస్టాండు పక్కనే ఉన్న ల్యాబుకి మాత్రం తీరిక దొరకదు. ఎంత సుఖం!

ఆ సుఖాన్ని చెడగొట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. బతిమాలాను, కుదరలేదు. అలిగాను, కుదరలేదు. చివరికి సాయంత్రం అరుగు మీద మావయ్య, నీలకంఠం బాబాయి కూర్చుని రసం మహిమ చెప్పుకుంటుంటే వెళ్లి మధ్యలో దూరాను.

"మావయ్యా, రసం పనిచేసిందని నేను కాలేజీలో చెబితే ఒప్పుకోరు. ముందు రీడింగు, తర్వాత రీడింగు చూపించాలి. రసం తాగక ముందు రీడింగు మీ పాత రిపోర్టులో ఉంది. తర్వాతది ఏది?"

"ఒల్లు తేలిగ్గా ఉంది కదమ్మా, అదే రీడింగు."

అత్తయ్య లోపలి నుంచే అందుకుంది. "అంత పనిసేత్తే రగతం సూపించడానికి బయమేటి? నీలకంఠం గేదే నయం, నచ్చనేదని మొహమ్మీదే సెప్పినాది."

నీలకంఠం బాబాయి ఫక్కున నవ్వాడు. మావయ్య నవ్వలేదు. చాలాసేపు కాలి కేసి చూసుకున్నారు. వేలితో పాదం నొక్కారు. పడిన సొట్ట నిండేదాకా చూశారు.

"ఒక్కడినే అయితే రాను," అన్నారు. "ఇంటిల్లిపాదీ రగతం ఇవ్వాల."

మర్నాడు ఆటోలో నలుగురం సోంపేట ల్యాబుకి వెళ్లాం. అత్తయ్య పట్టుచీర కట్టింది. "సూది గుచ్చేవోల్ల కాడికి ఈ సీరేటే?" అని మావయ్య అడిగితే, "నా రగతం మొదటిసారి బయటికొత్తంది. మరేదగా రావాల," అంది. వరసలో ముందు బావ కూర్చున్నాడు, తర్వాత నేను, తర్వాత అత్తయ్య. మావయ్య చొక్కా చెయ్యి మడుస్తూ, మళ్లీ విప్పుతూ, చివరి కుర్చీలో కూర్చున్నారు. సూది దిగేటప్పుడు ఆయన చూసింది సూదిని కాదు, నన్ను. నేను నవ్వడానికి ప్రయత్నించాను. ఏ మాత్రం కుదిరిందో తెలియదు.

మధ్యాహ్నం రిపోర్టులు పట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్లాం. మా ముగ్గురివీ బాగానే ఉన్నాయి. నాలుగో కాగితాన్ని డాక్టరమ్మ పాతదాని పక్కన పెట్టి, పెన్ను మూత పెదవికి ఆనించి చదివింది.

"కొంచెం పెరిగింది. బీపీ మాత్రం బాగా ఎక్కువుంది, మాత్రలు మానేస్తే ఉండదా మరి? ఇంకో నాలుగు నెలలు ఆగి వచ్చుంటే వేరేలా మాట్లాడేదాన్ని. ఇప్పుడే వచ్చారు కాబట్టి అదుపులో పెట్టొచ్చు. ఒక్కరోజు కూడా మాత్ర మానొద్దు. నెలకోసారి వచ్చి చూపించుకోవాలి."

మావయ్య భుజాలు దిగాయి. బావ ఆయన వీపు మీద చెయ్యేశాడు. అత్తయ్య పట్టుచీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఉక్కగా ఉందనుకుంటాను.

"ఇంకా ఏమైనా వాడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది. మావయ్య వాడుతున్నవి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయారు. రాసుకోవడం మొదలుపెట్టిన ఆవిడ అయిదో దాని దగ్గర పెన్ను కింద పెట్టేసింది.

"అన్నీ ఆపేయండి! కిడ్నీకి ఇబ్బంది ఉన్నవాళ్లకి అన్ని ఆకులూ, అన్ని రసాలూ పడవు. అడక్కుండా లీటర్లకు లీటర్లు తాగేస్తారా? అసలు ఎవరు చెప్పారండీ మీకు ఇవన్నీ?"

అత్తయ్య కిటికీ చూస్తోంది. బావ తన చెప్పులు చూసుకుంటున్నాడు. నేను గొంతు సవరించుకుని, ఎమ్మెస్సీ పట్టాతో సహా నిజం ఒప్పుకోవడానికి నోరు తెరిచాను.

"వాట్సాపులో ఒచ్చినాది డాక్టరమ్మా," అన్నారు మావయ్య. "ఎవుడో ఎదవ పంపినాడు."

డాక్టరమ్మ చూపు మావయ్య చొక్కా జేబులో, రబ్బరుబ్యాండు చుట్టిన బటన్ల ఫోను మీద పడింది. అక్కడ కాసేపు ఆగింది. తర్వాత నెమ్మదిగా నా మీదికి వచ్చింది.

పాఠకులారా, ఈ వాట్సాపు వల్ల సమాజం ఎంత పాడైపోతోందో చెప్పలేం. ఆ మాటే అక్కడ నేనూ అన్నాను. అందరికన్నా గట్టిగా!