బతికున్నవాడి ఇన్సూరెన్సు

అరబ్బు దేశంలోని ఉమ్ సలాల్‌లో, తాను బాబా అని పిలిచే యజమాని కారు కడుగుతూ డ్రైవరు తిమ్మప్ప ఆనాటి పనులు తలచుకున్నాడు. బాబా పిల్లల్ని బడిలో దింపాలి. కూరగాయలు తేవాలి. ఊళ్ళో పెళ్ళాం ఆంజనమ్మ చేత ఇన్సూరెన్సు తీసేయించాలి. కదిరి దగ్గర కట్టుకున్న ఇంటికి అప్పిచ్చిన బ్యాంకు, అడగకుండానే అతని ప్రాణానికి ఇన్సూరెన్సు చేసి ఆ సొమ్మునూ అప్పులో కలిపేసింది. అతను చస్తే అప్పు ఉండదు. వద్దని చెప్పుకోవడానికి ఆరోజే ఆఖరు.

"చచ్చేవాడికి గదా అది. నాకెందుకు?" అన్నాడు ఫోన్లో పెళ్ళాంతో. "అది తీసేస్తే అప్పు తొందరగా తీరి ఆర్నెల్లు ముందే ఇంటికొస్తా. ఆధారూ, నా ఫోటో తీస్కపో."

"నీ ఫోటో యాడుంది?"

"ఎతుకు," అని ఫోన్ ఆపేశాడు. బండి నడిపేటప్పుడు ఫోన్ మోగితే బాబా ఊరుకోడు.

చిన్న ఫోటో దొరకలేదు. ఆంజనమ్మ గోడమీది పెద్ద ఫోటో దించింది. అద్దం పగులుతుందని తెల్లపంచెలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుంది. పక్కనామె చూసి, లేచి కిటికీ సీటు ఇచ్చింది.

బ్యాంకులో పంచె విప్పి ఫోటోను బల్లమీద నిలబెట్టి, "ఈయన ఇన్సూరెన్సు గురించి వచ్చినా సార్," అంది. క్లర్కు లేచి నిలబడ్డాడు. కుర్చీ వేయించాడు, నీళ్ళు తెప్పించాడు. బ్యాంకులో ఇంత మర్యాద ఆమె ఎన్నడూ ఎరగదు.

"ఎట్ల జరిగిందమ్మా?"

"ఏమో సార్. మాకెవరికీ చెప్పకుండానే అయిపోయింది."

"ఊరికి ఎప్పుడు పంపిస్తారంట?"

"బాబా పంపిస్తే గదా సార్. టికెట్ ఆయనే పెట్టాల."

క్లర్కు తల దించుకున్నాడు. ఆమె వెనకే వరసలో ఉన్న ఊరి అంగడి రామాంజులు బయటికొచ్చి షఫీకి ఫోన్ చేశాడు. షఫీదీ ఆ ఊరే. తిమ్మప్ప ఉన్న దేశంలోనే అల్ అజీజియాలో డ్రైవరు.

"తిమ్మప్ప పోయినాడంట గదా. ఆడుండి కూడా చెప్పల్యా నువ్వు?"

షఫీ తిమ్మప్పకు ఫోన్ చేశాడు. ఆపేసి ఉంది. తన గదిలో ఉండే దానియేలును వెంటబెట్టుకుని ఉమ్ సలాల్ వచ్చి, తిమ్మప్ప పోయాడని చెప్పి, బాబాను మొదట అతని పాస్‌పోర్టు అడిగాడు. అది లేనిదే శవం విమానం ఎక్కదు. ఇంతకుముందు పంపించిన వాళ్ళు కాబట్టి వాళ్ళకు తెలుసు.

బాబాకు మాత్రం కారులో ఎక్కిన పిల్లలు గుర్తొచ్చారు. చెప్పుల్లేకుండా రోడ్డుమీదికి పరుగెత్తాడు. అప్పుడే తిమ్మప్ప కారు మలుపు తిరిగి వచ్చి ఆగింది. బాబా వెనక తలుపు లాగి చూశాడు. టమాటాలున్నాయి.

"బచ్చా కిధర్?"

"పిల్లలు స్కూల్లో, బాబా."

షఫీ తిమ్మప్ప భుజం తడిమి చూశాడు. "అన్నా, నువ్వు పోయినావంట."

"ఎవరన్నారు?"

"బ్యాంకులో."

"బ్యాంకోళ్ళు ఊరికే అనరే," అన్నాడు దానియేలు.

ఇంకా బ్యాంకులోనే ఉన్న ఆంజనమ్మకు వీడియో కాల్ కలిపితే క్లర్కు అందుకున్నాడు. ఫోటోనూ ఫోన్‌నూ మార్చి మార్చి చూశాడు. "ఒకసారి తల ఆడించండి సార్." తిమ్మప్ప ఆడించాడు.

"బతికే ఉండా సార్. ఆ ఇన్సూరెన్సు తీసేయండి, చాలు."

క్లర్కు సిగ్గుపడి అప్పటికప్పుడే తీసేశాడు. తిమ్మప్ప నవ్వుకుంటూ టమాటాలు దించబోయాడు. బాబా ఆపాడు. చచ్చాడన్న మాట పుట్టినవాణ్ని డాక్టరు చూడందే తన పిల్లల్ని బండెక్కించనన్నాడు.

"ముష్కిల్ మాఫీ, బాబా. ఇబ్బందేం లేదు. బాగానే ఉండా."

"యల్లా," అని బాబా అతన్ని కారెక్కించాడు.

ఆసుపత్రిలో మలయాళీ డాక్టరు పరీక్షల మీద పరీక్షలు చేశాడు. గుండెకు రక్తం పోయే గొట్టాలు రెండు పూడాయన్నాడు. ఇక స్టీరింగు పట్టకూడదన్నాడు. అదే మాట కాగితం మీద రాసిచ్చాడు. బాబా మంచివాడు. ఆ సాయంత్రమే టికెట్ పెట్టాడు. ఆర్నెల్లు ముందు కాదు, వచ్చే వారమే ప్రయాణం.

మరునాడు ఆంజనమ్మ మళ్ళీ బ్యాంకుకు పోయింది. ఈసారి ఫోటో తీసుకుపోలేదు.

"తీసేసినదాన్ని మళ్ళా పెట్టమంటావేమయ్యా? పిచ్చా నీకు?" అంది ఫోన్లో మొగుడితో.

"పెట్టమను. ఆయనకియ్యి ఫోన్."

క్లర్కు గొంతు గుర్తుపట్టి సంతోషించాడు. "దానికేముంది సార్, తప్పకుండా పెడతాం. ఆరోగ్యం బాగుందని డాక్టరు కాగితం ఒకటి పంపితే చాలు."

డాక్టరు కాగితం తిమ్మప్ప జేబులోనే ఉంది.